పేగన్ మినిస్ట్రీ చదువుతానంటున్న అమ్మాయిని పంపొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమెరికాలో పుట్టి పెరిగిన మీ అమ్మాయి డిగ్రీ అవగానే పేగన్ మినిస్ట్రీ, అంటే ప్రకృతిని, పాత దేవతల్ని కొలిచే పేగన్ల మతసేవకు కావలసిన చదువు, చదువుతానంటోంది. అసలు ఇది చదువేనా, రేపు బతుకుతెరువు ఏమిటి అన్నది మీ టెన్షన్. నేను పేగన్‌ని కాదు. హిందువుగానే ఇక్కడి ఒక హాస్పిటల్లో చాప్లిన్ శిక్షణ తీసుకున్నాను. చాప్లిన్ అంటే ఏ మతం రోగికైనా మనసుకు తోడుగా ఉండే మతసేవకుడు. ఇప్పుడు చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే హాస్పిస్‌లో పనిచేస్తున్నాను. శిక్షణలో మేం ఆరుగురం. అందులో ఒకావిడ పేగన్, అందులోనూ విక్కా అనే ఆధునిక మంత్రసంప్రదాయానికి చెందినావిడ. ఏడాది పాటు ఆవిడతో కలిసి వార్డులు తిరిగాను కాబట్టి, నేను చూసినంతవరకు చెబుతాను.

ఇది చదువే, అందులో అనుమానం అక్కర్లేదు. కానీ కాలేజీ సీటు ఆఖరున చూసుకోవాలి. ముందు తేల్చుకోవాల్సింది ఎండార్స్‌మెంట్, అంటే 'ఈమె మా మనిషి, మా తరఫున ఈ సేవ చేయడానికి తగినది' అని ఒక మతసంస్థ రాసిచ్చే పత్రం. హాస్పిటల్ చాప్లిన్‌గా బోర్డు సర్టిఫికెట్, అంటే చాప్లిన్ల వృత్తిసంస్థ ఇచ్చే గుర్తింపు, కావాలంటే మామూలుగా అది అడుగుతారు. మిలిటరీలో చేరాలంటే అది తప్పదు. చాలామంది లక్షల అప్పు చేసి డిగ్రీ తెచ్చుకున్నాక ఈ గోడ దగ్గర ఆగిపోతారు.

ఇది నాకు స్వానుభవం. చర్చిలకు పైన బిషప్పో, కౌన్సిలో ఉంటుంది. మనకు ఎవరున్నారు? మేం వెళ్ళే గుడి కమిటీని అడిగితే ఆ కాగితం ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు. పూజారిగారు మంచివారు. "సంతకం పెడతానమ్మా, కానీ నువ్వేం చేస్తావని రాయాలి?" అన్నారు. ఎనిమిది నెలలు తిరిగాను. పేగన్లదీ ఇదే కథ. పోప్ లేడు, ఒకే గ్రంథం లేదు, అందరికీ కలిపి ఒక ఆఫీసు లేదు. అందుకే ఆ ఏడాది మేమిద్దరం ఒకరి కష్టం ఒకరం వివరించకుండానే అర్థం చేసుకున్నాం.

ఎండార్స్‌మెంట్ ఎంత పని చేస్తుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు. డాన్ లార్సెన్ అనే ఆయన ఇరాక్‌లో అమెరికా ఆర్మీ చాప్లిన్. పెంతెకొస్తు సంస్థ తరఫున ఉన్నాడు. 2006లో విక్కాకు మారి, కొత్త సంస్థ ఎండార్స్‌మెంట్‌తో కొనసాగుతానని అడిగాడు. సైన్యం ఒప్పుకోలేదు, ఈలోగా పాత సంస్థ తన మద్దతు వెనక్కి తీసుకుంది, ఆయన ఉద్యోగం పోయింది. అదే సైన్యంలో 2011లో, అంతకుముందు క్రైస్తవ సంస్థ తరఫున ఉన్న కెప్టెన్ ప్రతిమా ధర్మ్, చిన్మయ మిషన్ ఎండార్స్‌మెంట్‌తో మొదటి హిందూ చాప్లిన్ అయ్యారు. చదువు, అనుభవం ఇద్దరికీ ఉన్నాయి. తేడా అంతా వెనక నిలబడే సంస్థ దగ్గరే వచ్చింది.

కాబట్టి మీ అమ్మాయిని మొదట అడగాల్సింది 'ఏ కాలేజీ' అని కాదు, 'ఏ సంప్రదాయం, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు' అని. పేగన్ అనేది గొడుగు మాట. దాని కింద విక్కా ఉంది, ప్రాచీన కెల్టుల బాట పట్టిన డ్రూయిడ్లున్నారు, పాత నార్స్ దేవతల్ని కొలిచే హీథన్లున్నారు. విస్కాన్సిన్‌లో సెలీనా ఫాక్స్ 1974లో మొదలుపెట్టిన సర్కిల్ శాంక్చువరీ, 1975 నాటి కవెనెంట్ ఆఫ్ ద గాడెస్ లాంటివి గట్టిగా నిలబడ్డ సంస్థలు. 2005లో అఫ్గానిస్తాన్‌లో చనిపోయిన ఒక విక్కన్ సైనికుడి స్మారక ఫలకం మీద వాళ్ళ మతచిహ్నమైన ఐదు కోణాల నక్షత్రం చెక్కనివ్వమని ఆయన భార్యతో కలిసి పోరాడింది సర్కిల్ శాంక్చువరీయే. 2007లో ప్రభుత్వం ఒప్పుకుంది. ఇలాంటి సంస్థలో ఒకటి రెండేళ్ళు సేవ చేస్తూ మనుషులకు పరిచయమైతేనే రేపు ఆ కాగితం వస్తుంది.

మీకున్న భయం నాకూ ఉండేది, అది దాచను. మాది మెదక్ వైపు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు వింటూ పెరిగాను. మొదటి రోజు ఆవిడ మెడలో ఆ నక్షత్రం చూసి, 'నేను విచ్‌ని' అని చెప్పుకోవడం విని, నా చేతులు చల్లబడ్డాయి. భోజనాల దగ్గర ఆవిడ పక్కన కూర్చోవడానికి వారం పట్టింది. ఆ వారం నేను చేసింది తప్పు, తర్వాత ఆవిడతో ఆ మాట అన్నాను కూడా. పేగన్ అనే మాటకు లాటిన్‌లో మూలార్థం పల్లెటూరివాడు అని. మన తెలుగు బైబిల్లో 'అన్యులు' అన్నట్టు, తర్వాత అది తమవాళ్ళు కానివాళ్ళందరికీ అంటించిన పేరైంది. వాళ్ళకు ఏడాదికి ఎనిమిది పండుగలు, అన్నీ ఋతువుల చుట్టూ తిరిగేవే. అక్టోబర్ 31న వచ్చే సావిన్ రోజు చనిపోయిన పెద్దల్ని తలుచుకుంటారు. ఆవిడ తన నాయనమ్మ ఫోటో ముందు రొట్టె పెట్టి దీపం వెలిగించడం చూసినప్పుడు నాకు మా ఇంట్లో పెద్దల అమావాస్య గుర్తొచ్చింది. రెండూ ఒకటే అనను. కానీ భయపడేది ఏమీ లేదని ఆ రోజు తెలిసింది.

ఇక చదువు సంగతి. పేగన్ మినిస్టర్ కావడానికి డిగ్రీ తప్పనిసరి ఏమీ కాదు. జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన నుంచి వచ్చిన విక్కా శాఖలో చిన్న బృందంలో గురువు దగ్గరే నేర్చుకుంటారు. మూడు దశల దీక్ష ఉంటుంది, దశకూ దశకూ మధ్య ఏడాది మీద ఒక రోజు ఆగడం ఆనవాయితీ. మనలో ప్రతివాళ్ళూ పూజారులే, జీతం తీసుకునే మతగురువులు మనకెందుకు అని వాదించే పేగన్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. తన బృందానికి పెళ్ళిళ్ళు, కర్మలు, పండుగలు చేయించడమే మీ అమ్మాయి కోరికైతే యూనివర్సిటీ మెట్లెక్కాల్సిన పని లేదు. హాస్పిటల్, జైలు, సైన్యం, క్యాంపస్‌లలో అన్ని మతాలవాళ్ళకూ తోడుగా ఉండాలంటే మాత్రం ఎక్కువగా ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ అనే పీజీ డిగ్రీ) అడుగుతారు, మామూలుగా మూడేళ్ళు.

పేగన్ల కోసమే ఉన్న చదువుల్లో పేరున్నది చెర్రీ హిల్ సెమినరీ. వెర్మాంట్‌లో మొదలై తర్వాత సౌత్ కరోలినాకు మారింది, పాఠాలు ఆన్‌లైన్‌లో. మా గ్రూపు ఆవిడ అక్కడ కొన్ని కోర్సులు చేసింది. పేగన్ చరిత్ర, పూజావిధానం, నైతిక నియమాలు, కౌన్సెలింగ్ అక్కడ చెప్పినంత దగ్గరగా ఇంకెక్కడా చెప్పలేదని మెచ్చుకునేది. కానీ అప్పట్లో దానికి అక్రెడిటేషన్ లేదు. బోర్డు సర్టిఫికెట్‌కు గుర్తింపున్న డిగ్రీయే అడుగుతారు. అందుకని ఎం.డివ్. యూనిటేరియన్ యూనివర్సలిస్టుల సెమినరీలో చేసింది. ఒకే నమ్మకాన్ని అందరి మీదా రుద్దని ఉదార మతసంఘం వాళ్ళది. కాలిఫోర్నియాలో స్టార్ కింగ్, షికాగోలో మీడ్‌విల్ లాంబార్డ్ వాళ్ళవే. భూమిని, ప్రకృతిని కేంద్రం చేసుకున్న సంప్రదాయాల్ని కూడా తమ ఆధారాల్లో ఒకటిగా 1995లో రాసుకున్నవాళ్ళు కాబట్టి అక్కడ పేగన్ విద్యార్థి తలదించుకుని కూర్చోవాల్సిన అవసరం రాదు. నా సలహా అదే దారి. గుర్తింపున్న డిగ్రీ ఒకచోట, సొంత సంప్రదాయపు పాఠాలు ఇంకోచోట.

అసలు చదువు మాత్రం క్లాసులో కాదు, సీపీఈలో జరుగుతుంది. క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్. ఒక యూనిట్ అంటే 400 గంటలు, బోర్డు సర్టిఫికెట్‌కు నాలుగు యూనిట్లు. 1925లో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టర్ మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక వైద్యశాలలో విద్యార్థుల్ని పెట్టుకుని ఈ పద్ధతి మొదలుపెట్టాడు. తనూ మానసిక వ్యాధితో వార్డులో ఉండి బయటకొచ్చినవాడే. పుస్తకాల్ని చదివినంత శ్రద్ధగా బతికున్న మనుషుల్ని చదవండి అనేది ఆయన బోధ. ఒకే గ్రంథం లేని మతం నుంచి వచ్చినవాళ్ళకు ఇది ఎంత పెద్ద ఆసరానో ఆవిణ్ణి చూశాకే నాకు అర్థమైంది.

సీపీఈలో వెర్బేటిమ్ అని ఒకటి ఉంటుంది. రోగితో జరిగిన మాటలు గుర్తున్నంతవరకు మాటకు మాట రాసుకొచ్చి గ్రూపు ముందు చదవాలి. కొడుకు దగ్గరకు వచ్చి ఇక్కడే మంచాన పడ్డ ఒక తెలుగు పెద్దాయన గురించి నేను రాశాను. ఆయన "ఈసారి మా చెరువు నిండిందో లేదో" అన్నారు. నేను ఆత్మకు చావు లేదని గీతా శ్లోకం చెప్పి, అర్థం కూడా వివరించాను. చదివాక అందరూ బాగుందన్నారు. ఆవిడ ఒక్కతే, "ఆయన చెరువు గురించి మాట్లాడారు, ఏ చెరువు అని నువ్వెందుకు అడగలేదు?" అంది. నాకు కోపం వచ్చింది. మా మనిషి గురించి నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. రాత్రంతా ఆ మాటే.

మర్నాడు వెళ్ళి ఏ చెరువండీ అని అడిగాను. నలభై నిమిషాలు చెప్పారు. కట్ట మీద చింతచెట్లు, తూము దగ్గర ఈత నేర్చుకోవడం, తమ్ముడు అందులోనే పోవడం. తమ్ముడి సంగతి కొడుక్కి కూడా ఎప్పుడూ చెప్పలేదట. మేం పూజ మొదలుపెట్టే ముందు ఆ చోటి మట్టిని, నీళ్ళను పలకరిస్తాం, అందుకే నాకు చెరువు వినిపించింది అని ఆవిడ తర్వాత చెప్పింది. ఇదే ఆవిడ ఒక బాప్టిస్టు ముసలమ్మ పక్కన కూర్చుని, ఆమె అడిగిన బైబిల్లోని 23వ కీర్తన చివరిదాకా చదవడం కూడా చూశాను.

ఉద్యోగం గురించి నిజం చెప్పాలి. పేగన్ బృందాల్లో జీతమిచ్చే స్తోమత ఉన్నవి చాలా తక్కువ. సిరక్యూస్ యూనివర్సిటీ 2010లో పేగన్ చాప్లిన్‌ని నియమించింది, కానీ అలాంటి అవకాశాలు అరుదు. హాస్పిటల్స్, హాస్పిస్‌ల దగ్గర మాత్రం మతం కన్నా సర్టిఫికెట్, పని తీరు చూస్తారు. అక్కడ చోటుంది. ఆవిడ ఇప్పుడు ఒక పెద్ద హాస్పిటల్లో రాత్రి డ్యూటీ చాప్లిన్.

ఫీజు కట్టే ముందు మీ అమ్మాయిని దగ్గర్లోని హాస్పిస్‌లో వాలంటీర్‌గా చేరమనండి. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధన ప్రకారం హాస్పిస్‌లు తమ జీతపు సిబ్బంది రోగుల సేవకు పెట్టే గంటల్లో కనీసం 5 శాతానికి సమానమైన పని వాలంటీర్లతో చేయించాలి, కాబట్టి మనుషులు ఎప్పుడూ కావాలి. శిక్షణ వాళ్ళే ఇస్తారు. ఆరు నెలలు వెళ్ళి రానివ్వండి. ఇంటికొచ్చాక తను చెప్పేది మీరూ వినండి, నేను ఆ చెరువు దగ్గర చేసిన పొరపాటు మీరు చేయకుండా. అప్పటికీ అదే మాట మీద ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఎండార్స్‌మెంట్ కోసం ఎలా రాయాలో నేనే కూర్చుని తనకు చెబుతాను.