నీలం మీద నీలం దారం... రంగు పోయిన బ్యాడ్జీయేనా?

ప్రశ్న: నేను బ్రిటిష్ మిలిటరీ గుడ్డ బ్యాడ్జీలు కలెక్ట్ చేస్తుంటానండీ. ఈమధ్య కలగాపులగంగా ఓ కట్ట కొన్నా, అందులో మూడు అస్సలు అంతుపట్టట్లేదు. ఒకటి ఖాకీ గుడ్డ మీద ఆకుల దండ, మధ్యలో ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరం, లూయిస్ అనే మెషీన్ గన్ పేల్చేవాళ్లది అనుకుంటున్నా. రెండోది పిడికిట్లో మెరుపులు పట్టుకున్నట్టు ఉంది. మూడోది రెండు రెక్కలూ మధ్యలో మెరుపూ, నేవీ బ్లూ గుడ్డ మీద నీలం దారం. ఇది ఎర్రగా ఉండాలి కదా, రంగు పోయిందా?

జవాబు: ముందు మూడోదాని సంగతి చూద్దాం, ఎందుకంటే మీ కట్టలో అసలు సరుకు అదే. ఎర్ర దారం వెలిస్తే గులాబీలోకో గోధుమలోకో దిగుతుంది గానీ నీలం ఎలా అవుతుందండీ! తిప్పి వెనకవైపు చూడండి, అక్కడ ఎండ తగలదు కాబట్టి అసలు రంగు అలాగే ఉంటుంది. రెక్కలూ మెరుపూ అంటే రాయల్ నేవీలో టెలిగ్రాఫిస్టు, అంటే వైర్‌లెస్ సందేశాలు చూసే మనిషి గుర్తు. నేవీ మగవాళ్లకి మంచి డ్రెస్ మీద బంగారు తీగ, మామూలు నీలం డ్రెస్ మీద ఎరుపు, తెల్ల డ్రెస్ మీద నీలం వాడేవాళ్లు. మరి నీలం గుడ్డ మీదే నీలం దారం ఎవరిదీ అంటే ఆడవాళ్లది, రెన్స్ అని పిలిచే మహిళా నౌకాదళానిది. ఇది 1917లో పెట్టి 1919లో ఎత్తేసి మళ్లీ 1939లో మొదలుపెట్టిన దళం. ఇలాంటివాటిని వెలిసిపోయాయని చవగ్గా వదిలించుకునేవాళ్లు ఉంటారు, మీరు మాత్రం ఆ పని చెయ్యకండి.

‘ఎల్’ లూయిస్ కాదు. లూయిస్ గన్నర్‌కి దండలో ‘ఎల్‌జీ’ అని రెండక్షరాలు ఉంటాయి, హాచ్‌కిస్ అనే ఇంకో మెషీన్ గన్ అయితే ‘హెచ్‌జీ’. ఒంటరి ‘ఎల్’ అంటే గన్ లేయర్, ఫిరంగిని గురిపెట్టే మనిషి.

పిడికిలి మెరుపులది రాయల్ ఎయిర్‌ఫోర్స్ వైర్‌లెస్ వాళ్లది, తేలిగ్గానే దొరుకుతుంది.

అసలు బొమ్మ ఒక్కటే చూసి తేల్చబోతే ఇలాగే బోల్తా పడతాం, ఎదురెదురుగా వాల్చిన రెండు జెండాలు ఆర్మీ సిగ్నలర్‌కీ ఉన్నాయి నేవీ సిగ్నల్‌మన్‌కీ ఉన్నాయి, అందుకే నేనైతే ముందు గుడ్డ, తర్వాత దారం రంగు, ఆఖర్న బొమ్మ చూస్తా. కిరీటం ఉంటే ఇంకా సుఖం, పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటే రాజుగారి కాలం, మధ్యలో కిందికి నొక్కినట్టుంటే ఎలిజబెత్ రాణి కాలం, అంటే 1952 తర్వాతది. కాకపోతే చార్లెస్ రాజయ్యాక గుండ్రటిదే మళ్లీ వచ్చింది, కొత్త బ్యాడ్జీని పాతదని అంటగడతారు, జాగ్రత్త.

అతినీలలోహిత (యూవీ) లైటు కింద దారం తెల్లగా మెరిస్తే కొత్తదని చాలామంది కొట్టిపారేస్తారు, అది సగమే నిజం. పాత బ్యాడ్జీని ఇప్పటి డిటర్జెంట్‌తో ఒక్కసారి ఉతికినా అలాగే మెరుస్తుంది.