స్నేహితులు వెంట ఉన్నా మూడో రోజుకే మళ్లీ సిగరెట్.. మానేదెలా?

ప్రశ్న: నా వయసు 36. పన్నెండేళ్లుగా సిగరెట్లు తాగుతున్నాను, రోజుకు 14, 15 అవుతాయి. నిద్ర లేచిన పది నిమిషాల్లో ఒకటి వెలిగించకపోతే మోషన్ కూడా రాదు. ఈ ఏడాది రెండుసార్లు మానేశాను. నలుగురు స్నేహితులు వాట్సాప్ గ్రూపు పెట్టి రోజూ ధైర్యం చెప్పారు. తాగితే 500 రూపాయలు జరిమానా అని పందెం కూడా వేసుకున్నాం. అయినా రెండుసార్లూ మూడో రోజునే ఓడిపోయాను. 2 ఎం.జీ. నికోటిన్ గమ్ వాడితే గొంతు మంట, ఎక్కిళ్లు వచ్చాయి. బీపీ, షుగర్ లేవు. నాకు మనోబలం లేదంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మనోబలం లేనివాళ్లు ఒకే ఏడాదిలో రెండుసార్లు ప్రయత్నించరండీ. రెండుసార్లూ మూడో రోజే ఎందుకు తప్పిందో చూద్దాం. ఒంట్లోని నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. మానేసిన మొదటి రోజు గడిచేసరికి పెద్దగా మిగలదు. అప్పటి నుంచి మెదడు మొండికేస్తుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పని మీద ధ్యాస నిలవకపోవడం, అతి ఆకలి మొదలవుతాయి. రెండు, మూడు రోజులకు ఈ బాధ తారస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది. సరిగ్గా తగ్గుముఖం పట్టే వేళకు మీరు మళ్లీ వెలిగించారు. మీ విషయంలో మోతాదు చాల్లేదు, గమ్ వాడిన తీరు కూడా తప్పినట్టుంది.

గమ్‌ను బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోతుంది. మెదడుకు చేరేది తక్కువ, ఎక్కిళ్లు, మంట మాత్రం ఎక్కువ. పది, పదిహేనుసార్లు మెల్లగా నమలండి. నోట్లో కారంగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే నమలడం ఆపి చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోండి. నిమిషంలో ఆ చురుకు తగ్గుతుంది. మళ్లీ నాలుగైదుసార్లు నమిలి రెండో వైపు పెట్టండి. ఒక్కో గమ్ ఇలా అరగంట నడవాలి. వేసుకునే ముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం వద్దు. నోరు పుల్లబడితే నికోటిన్ బుగ్గలోంచి రక్తంలోకి ఎక్కదు. టీ బండి దగ్గర ఒక చేత్తో గ్లాసు పట్టుకుని గమ్ నమిలేవాళ్లు ‘ఇది పనిచేయదు’ అనుకునేది అందుకే.

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ తాగేవారికి 2 ఎం.జీ. గమ్ ఒక్కటే సరిపోదు. మీకు నేను ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ), గమ్ కలిపి వాడమని చెబుతాను. రోజుకు పది కంటే ఎక్కువ తాగేవారు 21 ఎం.జీ. ప్యాచ్‌తో మొదలుపెట్టాలి. ఆరు వారాలు అది, తర్వాత రెండు వారాలు 14 ఎం.జీ., మరో రెండు వారాలు 7 ఎం.జీ. ఉదయం లేవగానే భుజం మీదో ఛాతీ మీదో వెంట్రుకలు లేని పొడి చర్మానికి అంటించండి, రోజూ చోటు మార్చండి. పీడకలలు వస్తుంటే రాత్రి పడుకునే ముందు తీసేయవచ్చు. ప్యాచ్ ఉన్నా మధ్యలో కోరిక లేచినప్పుడు 2 ఎం.జీ. గమ్ వేసుకోండి. ప్యాచ్ దొరకకపోతే 4 ఎం.జీ. గమ్ వాడాలి, దానికి డాక్టర్ చీటీ అవసరం. మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, తర్వాతి మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. కోరిక ముదిరేదాకా ఆగకుండా వేళ ప్రకారం వేసుకోవాలి. చాలామంది రెండో వారంలోనే ‘ఇక పర్వాలేదు’ అని ఆపేసి దెబ్బతింటారు.

మళ్లీ నికోటినే కదా అనే సందేహం రావచ్చు. క్యాన్సర్‌కు, గుండెపోటుకు ప్రధాన కారణం పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి. గమ్, ప్యాచ్‌లలో అవి లేవు. పైగా సిగరెట్ నికోటిన్ సెకన్లలో మెదడుకు తగిలితే, ఇవి నెమ్మదిగా అందిస్తాయి. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గర్భిణులు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

ఇక స్నేహితుల సంగతి. వాళ్లు మీకు పెద్ద బలం, వదులుకోకండి. కానీ జరిమానా పందెం తీసేయండి. డబ్బు పోతుందనో పరువు పోతుందనో మనిషి దాచి తాగడం మొదలుపెడతాడు, దాచినప్పుడు సాయం చేసే అవకాశమే పోతుంది. ‘నువ్వు చేయగలవురా’ అని రోజూ మెసేజ్ పెట్టడం కంటే ఒక్కొక్కరు ఒక్కో పని తీసుకోవడం మేలు. సిగరెట్ తాగే స్నేహితులెవరైనా ఉంటే కనీసం నాలుగు వారాలు మీ ఎదుట వెలిగించకూడదు, మీరు బతిమాలినా ‘ఒక్క దమ్ము’ కూడా ఇవ్వకూడదు. ఒకరు ఏ వేళ ఫోన్ చేసినా ఎత్తేలా మాట ఇవ్వాలి. తీవ్రమైన కోరిక చాలాసార్లు ఐదు నిమిషాలు దాటదు, కాబట్టి మాట్లాడుతూ నాలుగు అడుగులు వేస్తే అది దాటిపోతుంది. ఇంకొకరు సాయంత్రం టీ వేళకు మిమ్మల్ని లూజు సిగరెట్లు అమ్మే బండి వైపు కాకుండా మరో దారిలో తీసుకెళ్లాలి. మందు పార్టీలకు ఈ నెల మిమ్మల్ని పిలవకపోవడమే మీకు చేసే ఉపకారం. రెండు పెగ్గులు పడ్డాక ఏ తీర్మానమూ నిలవదు.

మోషన్ గురించి మీరు మొహమాటపడకుండా రాయడం మంచిదైంది. ఎంతోమంది తెల్లవారే ఓడిపోయేది అక్కడే. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానగానే మలబద్ధకం రావడం మామూలే. మానేందుకు వారం ముందు నుంచే రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ గ్లాసు నిండా నీళ్లలో కలిపి తాగండి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు తాగి పది నిమిషాలు నడవండి. పేగులకు కొత్త అలవాటు పడడానికి రెండు, మూడు వారాలు పడుతుంది.

టీ, కాఫీలు కూడా సగానికి తగ్గించండి. పొగలోని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంటుంది. పొగ ఆగిపోయాక అవే నాలుగు కప్పులు ఎక్కువగా పనిచేసి గుండెదడ, నిద్రలేమి తెస్తాయి, మీరేమో సిగరెట్ లేకనే అనుకుంటారు. సిగరెట్ బదులు గుట్కా, ఖైనీ, హుక్కా వైపు మాత్రం పోవద్దు. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషేధం.

ఎప్పుడైనా ఒకటి తాగేస్తే ప్యాచ్ తీసేయకండి, మిగతా పెట్టె పారేయండి. ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు, ఏ వేళ తాగారో రాసుకుని ఆ రాత్రే స్నేహితుడికి చెప్పండి. మర్నాటి జాగ్రత్తకు అదే ఆధారం. సిగరెట్ పెట్టె మీద కనిపించే 1800 11 2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు.

ఇంత చేసినా ఆగకపోతే వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలున్నాయి. ఇవి డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు. మానేశాక కొన్ని వారాలు దగ్గు, కళ్లె పెరిగితే భయపడకండి, ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకుంటున్నాయి. కళ్లెలో రక్తం పడినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని డాక్టర్‌ను కలవండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఎక్స్‌రే కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.