కాలేజీలో ఎండిపోతున్న పాత వేపచెట్లను బతికించుకోవచ్చా?

అనంతపురంలో మీ కాలేజీ వేపచెట్లు కొసల నుంచి ఎండుతున్నాయని, కొట్టేద్దామంటున్నారని రాశారు. ఇప్పుడే కొట్టనివ్వకండి. ముందు సన్న కొమ్మల బెరడు గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మలో ప్రాణం ఉన్నట్టే.

వానాకాలంలో కొసలు మాడినట్టు గోధుమరంగుకు తిరిగి ఉంటే అది ఫోమోప్సిస్ అనే ఫంగస్ తెగులు కావచ్చు. దానికి తోడు టీ దోమ అనే పురుగు కూడా లేత చిగుళ్ల రసం పీలుస్తుంది. 2021లో తెలంగాణలో ఊరూరా వేపలు ఇలాగే ఎండాయి, చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి.

నేను ఇదే ఊళ్లో ఒక కాలేజీలో ఎన్ఎస్ఎస్ (విద్యార్థుల సేవా పథకం) చూసేవాణ్ని. మేమూ మొదట మందు కొట్టించాలనే అనుకున్నాం. మా దగ్గర అసలు జబ్బు నేలలో ఉంది. బైకుల స్టాండు కోసం చెట్ల మొదళ్ల దాకా సిమెంట్ టైల్స్ పరిచేశారు. నాలుగు టైల్స్ లేపి గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరింది. ముందురోజు రాత్రే మంచి వాన పడింది, అయినా ఊడొచ్చిన మట్టిపెళ్లలో తడి లేదు. చెట్టుకు నీళ్లు అందించే సన్నవేళ్లు ఎక్కువగా పైన అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో ఆ కాస్తా లోపలికి దిగకపోతే చెట్టు ఎలా బతుకుతుంది?

బైకులు వేరేచోటికి మార్పించి, చెట్టు చుట్టూ ఆరడుగులు టైల్స్ తీయించాం. పెద్దవేళ్లకు దెబ్బ తగలకుండా రెండడుగులకొక గుంత, అడుగు లోతున గడ్డపారతో పొడిచి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపాం. పైన నాలుగు వేళ్ల మందం రాలిన ఆకులు, చెనిక్కాయ పొట్టు పరిచాం. ఇది మొదలుకు ఆనకూడదు, జానెడు వదలండి, లేకపోతే బెరడు కుళ్లుతుంది. పొట్టుకు చెదలు పడతాయి, అప్పుడప్పుడు కదిపి చూస్తుండండి. నీళ్లు కూడా చెట్టు మొదలు దగ్గర కాదు, కొమ్మల అంచు కింద నేలలో నెమ్మదిగా ఇంకేలా పెట్టండి. ఎండాకాలంలో మేం పదిహేను రోజులకొకసారి పెట్టాం.

కొమ్మల్లో చచ్చినవే కోయించండి, మోడు మిగలకుండా. తొర్రల్లో మాత్రం సిమెంట్ పోయించకండి. అంతకుముందెప్పుడో మా చింతచెట్టుకు పోశారు. లోపల నీళ్లు నిలిచి కుళ్లింది, గాలివానకు పడిపోయింది. ఆ జాగా ఖాళీగా చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధే.

మొదటి ఏడు తేడా ఏమీ కనపడలేదు. రెండో ఉగాదికి ఎనిమిది వేపల్లో ఆరు పూశాయి. మీ ప్రిన్సిపాల్ గారిని కనీసం రెండు ఉగాదుల దాకా గడువు అడగండి. మీ చెట్ల కిందా బైకులు పెడుతుంటే ఈ వారంలోనే పక్కకు జరిపించండి.