పాత కెర్నల్ మీద కొత్త సి లైబ్రరీ వేస్తే టైమ్ ఫంక్షన్లు నడుస్తాయా?

మీ బోర్డు 32 బిట్, దాని మీది లినక్స్ కెర్నల్ (సిస్టమ్ మొత్తాన్ని నడిపే అసలు ప్రోగ్రామ్) 4.19, దాన్ని మార్చే వీలు లేదు. దాని మీద 64 బిట్ టైమ్ ఉన్న కొత్త సి లైబ్రరీ (ప్రోగ్రామ్‌లకూ కెర్నల్‌కూ నడుమ ఉండేది) వేస్తే నడుస్తుందా, అందులో పాత కెర్నల్ కోసం ఉంచిన కోడ్ తీసేయొచ్చా అన్నది కదా మీ ప్రశ్న. నడుస్తుంది. ఆ కోడ్ మాత్రం తీయకండి. నేనైతే తీయకుండానే దెబ్బతిన్నాను.

నాది హన్మకొండ, జిన్నింగ్ మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాను. 2021 పత్తి సీజన్‌లో పరకాల వైపు ఒక మిల్లులో, కాంటా పక్కనున్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కొత్త కంటైనర్ ఇమేజ్ (మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే ప్రోగ్రామ్ మూట) పెట్టి వచ్చాను. అందులో మస్ల్ అనే సి లైబ్రరీ 1.2 ఉంది, అంటే టైమ్ 64 బిట్. ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే గుమాస్తా ఫోన్. చీటీ మీద బరువు బరాబరే ఉందట, తేదీ దగ్గర మాత్రం జనవరి 0, 1900 అని పడిందట. వెనక నుంచి ఎవరో రైతు, "గిదేంది సారూ, నా పత్తి నిజాం జమానాల జోకిన్రా?" అంటున్నాడు.

గడియారమే తప్పేమోనని ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసేది) చుట్టూ తిరిగి గంట పోగొట్టుకున్నాను. తీరా చూస్తే హోస్ట్‌లో, అంటే కంటైనర్ బయట, డేట్ కమాండ్ కొడితే సరిగ్గానే వస్తోంది, కంటైనర్‌లో కొడితేనే 1900. ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమడుగుతోందో చూపే టూల్) పెడితే అసలు సంగతి తెలిసింది.

క్లాక్_గెట్‌టైమ్64 లాంటి కాల్స్ (కెర్నల్‌ని 64 బిట్ టైమ్ అడిగే పిలుపులు) 32 బిట్ మెషీన్లకు 2019లో, కెర్నల్ 5.1తో వచ్చాయి. కొత్త లైబ్రరీ ముందు వాటినే అడుగుతుంది, "అలాంటి కాల్ లేదు" అని, అంటే ఎనోసిస్ అని జవాబు వస్తేనే పాత 32 బిట్ కాల్‌కి వెళ్తుంది. ఇంకే ఎర్రర్ వచ్చినా వెళ్లదు. మా దగ్గర నడుమ సెక్‌కాంప్ ఫిల్టర్ (ఏ కాల్ కెర్నల్ దాకా పోవచ్చో తేల్చేది) ఉంది, హోస్ట్‌లో ఆ ఫిల్టర్‌ను తయారుచేసే లిబ్‌సెక్‌కాంప్ పాతది (అప్‌డేట్ చేయనిది నేనే), దానికి ఈ కొత్త కాల్ పేరే తెలియదు, తెలియనిదాన్ని "అనుమతి లేదు" అని, అంటే ఈపెర్మ్‌తో వెనక్కి పంపింది. లైబ్రరీ అదే చివరి మాట అనుకుంది, డేట్ ఆ ఎర్రర్ చూసుకోకుండా చెత్త విలువనే ప్రింట్ చేసింది. కెర్నల్‌ది తప్పు లేదు, లైబ్రరీదీ లేదు. లిబ్‌సెక్‌కాంప్‌ను 2.4.2 దాటించి, కంటైనర్ ఇంజన్‌ కూడా కొత్తది వేశాకే చీటీల మీద తేదీ సక్కగా పడింది.

మీరు మస్ల్ కాకుండా జీలిబ్‌సీ అనే సి లైబ్రరీ వాడుతుంటే 64 బిట్ టైమ్ 2.34 నుంచి ఉంది, కానీ టైమ్_బిట్స్, ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్ రెండూ 64 అని కంపైల్ చేసేటప్పుడు మీరే చెప్పాలి. లైబ్రరీని సొంతంగా బిల్డ్ చేస్తే ఎనేబుల్-కెర్నల్ ఆప్షన్ దగ్గర 5.1 అని ఇవ్వకండి, ఇస్తే పాత 32 బిట్ కాల్‌కి వెళ్లే దారి బిల్డ్‌లోంచే మాయమవుతుంది. అది తీసి మిగుల్చుకునేది నాలుగు కేబీలు కూడా ఉండదనుకుంటా, దానికి అంత ఆరాటం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఇంకోటి, మీ క్లయింట్‌కి ముందే చెప్పి పెట్టండి: టైప్ 64 బిట్ అయినంత మాత్రాన 4.19 మీద 2038 గండం పోదు. కింద పాత కాల్ ఇచ్చేది 32 బిట్ సెకన్లే, మన టైమ్‌లో 2038 జనవరి 19 ఉదయం 8:44:07 వరకే. ఆ బోర్డు మీద గడియారాన్ని 2040కి పెట్టి చూడండి, జీలిబ్‌సీ ఓవర్‌ఫ్లో అని ఎర్రర్ ఇస్తుంది.

ముందైతే ఎస్‌ట్రేస్ తీసి 403 నంబర్ కాల్‌కి (అదే క్లాక్_గెట్‌టైమ్64) ఎనోసిస్ వస్తోందా, ఈపెర్మ్ వస్తోందా చూసి ఇక్కడ పెట్టండి. పాత ఎస్‌ట్రేస్ అయితే పేరు రాదు, నంబర్‌ను హెక్సాలో చూపిస్తుంది.