మందుకు లొంగని పెంకు పురుగు

ప్రశ్న: అమెరికాలో బంగాళాదుంప ఆకులను తినే ఒక పెంకు పురుగు ఏ మందుకూ చావడం లేదని చదివాను. మందు చల్లగా చల్లగా పురుగు దానికి అలవాటు పడిపోతుందా? మోతాదు పెంచితే ఫలితం ఉండదా?
– ఒక రైతు, జహీరాబాద్

జవాబు: మీరు చదివినది కొలరాడో పెంకు పురుగు గురించి అయి ఉంటుంది. అది మన దేశంలో స్థిరపడలేదు. మన వంగ ఆకులను గీకి తినే అక్షింతల పురుగు వేరు. పసుపు రెక్కల మీద పది నల్లని చారలుండే కొలరాడో పురుగు పూర్వం వంగ కుటుంబానికి చెందిన ఒక ముళ్ల కలుపు మొక్క మీద బతికి, 1859లో నెబ్రాస్కా ప్రాంతంలో బంగాళాదుంప పైరుకు మళ్లింది. 1940లలో వచ్చిన డీడీటీని తట్టుకునే పురుగులు 1952 నాటికే న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో బయటపడ్డాయి. మీకూ తెలిసిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు 1995లో అక్కడి పొలాలకు చేరితే, కొన్నేళ్లకే దాని పట్టు కూడా సడలింది. ఇప్పటికి 50కి పైగా రసాయనాలను ఈ పురుగు తట్టుకోగలిగింది.

ఇది అలవాటు పడటం కాదు. విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఉన్నవో, నరాలలో విషం అతుక్కునే చోటు కాస్త మారినవో అయిన పురుగులు లక్షల్లో ఏ కొన్నో పుట్టుకతోనే ఉంటాయి. మందు మిగతావాటిని చంపి పొలాన్ని వీటికి అప్పగిస్తుంది, ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది కనుక కొద్ది తరాల్లోనే వీటి సంతతి పొలమంతా నిండుతుంది. పైగా బంగాళాదుంప ఆకుల్లో సహజంగానే చేదు విషాలుంటాయి. తరతరాలుగా వాటిని అరిగించుకున్న జాతి కాబట్టే ఇది కొత్త విషాలను ఇంత త్వరగా ఎదుర్కొంటోందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మోతాదు పెంచితే సాధారణంగా జరిగేది మిత్ర పురుగులు చావడం, ఖర్చు పెరగడం, అన్నిటికన్నా మొండివే మిగలడం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి: పేరు మారిన డబ్బా కొని మందు మార్చామనుకునే రైతులు ఎందరో ఉన్నారు, కానీ లోపలి రసాయనం అదే వర్గానిదైతే, అంటే పురుగును అదే తీరున చంపేదైతే, పురుగుకు అది పాత మందే. కాబట్టి ఏ పురుగుకైనా సరే, మందు ఏ వర్గానిదో తెలుసుకుని, ఒక తరానికి ఒక వర్గం, తర్వాతి తరానికి వేరే వర్గం వాడాలి.

కొలరాడో పురుగు విషయంలో అక్కడి రైతులకు బాగా అక్కరకొచ్చినది పంట మార్పిడి. చలికాలమంతా మట్టిలో దాగిన పురుగులు వసంతంలో పైకి వచ్చి ఎక్కువగా నడుస్తూనే బంగాళాదుంప పైరును వెతుక్కుంటాయి. నిరుడు బంగాళాదుంప ఉన్న చోట ఈసారి గోధుమ ఉంటే, దూరంగా వేసిన కొత్త తోటకు అవి ఆలస్యంగా, తక్కువ సంఖ్యలో చేరతాయి, ఆ మేరకు పిచికారీలు తగ్గుతాయి.