లిగమెంటు తెగిందని నాన్నకు చెబితే ఆట మాన్పిస్తాడేమో!

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. నాన్నకు చీనీ (బత్తాయి) తోట ఉంది. నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నా. కబడ్డీలో రైడర్‌ని. ఆడపిల్లకు కబడ్డీ ఏందని బంధువులంతా అన్నా నాన్నే పంపించినాడు. రెండు నెలల కింద ప్రాక్టీసులో కూతకు పోయి గిర్రున తిరిగేటప్పుడు మోకాలిలో టప్పుమని చప్పుడైంది, సాయంత్రానికి వాచింది. స్కాలర్‌షిప్ డబ్బులతో ఎమ్మారై తీయించుకుంటే ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు పూర్తిగా తెగింది, ఆపరేషన్ చేయాలన్నారు. ఆ రిపోర్టు ట్రంకుపెట్టెలో దాచినా. అందరికీ బెణికిందనే చెప్పినా. ఇప్పుడు నడుస్తున్నా, పరిగెత్తుతున్నా. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక్కోసారి కాలు వదిలేసినట్టవుతుంది. వచ్చే నెల యూనివర్సిటీ జట్టుతో సౌత్ జోన్ పోటీలకు పోవాల. ఆటలు నేర్పే పీడీ సారు ‘పట్టీ వేసుకొని ఆడు, క్రికెటర్ షమీ ఆడలేదా’ అంటారు. సీనియర్ అక్క నొప్పి తెలియకుండా సూది వేయించుకోమంటుంది. అవ్వ పుత్తూరు కట్టు అంటుంది. నాన్నకు తెలిస్తే ఆట మాన్పించి పెళ్లి చేస్తాడని భయం. ఈ ఒక్కసారికి ఆడేసి తర్వాత చెప్పొచ్చా?

జవాబు: ఆడొద్దు తల్లీ. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, లేకుంటే చివరిదాకా దానికోసమే వెతుక్కుంటూ చదువుతావు.

సారు పట్టీ అన్నారు, అక్క సూది అంది, అవ్వ కట్టు అంది. ముగ్గురూ బెణుకుకే సలహా చెప్పారు, నువ్వు వాళ్లకు చెప్పింది బెణుకనే కదా! తెగిన లిగమెంటుకు ఏం చేయాలో ఇంతవరకూ చెప్పింది డాక్టరొక్కరే. ఆ కాగితమేమో ట్రంకుపెట్టెలో ఉంది. అందుకే మీ సారు మీద నాకు కోపం రావడం లేదు. రిపోర్టు చూశాక కూడా ఆడమంటే అప్పుడు చూద్దాం. అవ్వ మాటకొస్తే, పుత్తూరు కట్టుకు జనం వెళ్లేది ఎముక విరిగినప్పుడు. నీకు ఎముక విరగలేదు.

నేను డాక్టర్ని కాను. తెలిసిన ఎముకల డాక్టరును అడిగి తెలుసుకున్నది చెబుతున్నా. తొడ ఎముక మీద కింది కాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచే పగ్గం ఈ ఏసీఎల్. అది లేకపోయినా తిన్నగా నడిచేటప్పుడు, పరిగెత్తేటప్పుడు పెద్దగా తెలియదు. చటుక్కున ఆగి పక్కకు మళ్లినప్పుడు తెలుస్తుంది. ఆగడం, మళ్లడం కాక కూతలో ఇంకేముంది చెప్పు? కాలు వదిలేసిన ప్రతిసారీ లోపల మెత్తల్లా ఉండే మెనిస్కస్‌లు నలిగి చిరగొచ్చు, ఎముకల చివరనున్న మృదులాస్థి దెబ్బతినొచ్చు. తెగిన లిగమెంటు స్థానంలో నీ ఒంట్లోనే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువును (టెండన్) తీసి కొత్తది వేయగలరు. అరిగిపోయిన మృదులాస్థిని మాత్రం మునుపటిలా చేయలేరు. ఇక సూది సంగతి. దాంతో కాలు వదిలేయడం ఆగదు, వదిలేస్తున్న సంగతి నీకు తెలియడం ఆగుతుంది.

షమీ 2015 ప్రపంచకప్‌లో మోకాలి గాయంతోనే ఆడి 17 వికెట్లు తీశాడు, నిజమే. ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకొని నెలల తరబడి జట్టుకు దూరమయ్యాడు, ఆ సగం ఎవరూ చెప్పరు. పైగా ఆయన వెంట డాక్టర్లు, ఫిజియోలు ఉన్నారు, నీ వెంట మందుల షాపు స్ప్రే ఉంది. నీకు కుస్తీ పట్టే వినేశ్ ఫోగట్ సంగతి ఎక్కువ పనికొస్తుంది. 2016 రియోలో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికెళ్లింది. ఆపరేషన్ చేయించుకుంది. 2018 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది.

ఆపరేషన్ అయ్యాక కబడ్డీకి కనీసం తొమ్మిది నెలలు పడుతుంది. ఐదో ఆరో నెలలో కాలు బాగుందనిపించి కోర్టులోకి దిగాలనిపిస్తుంది. జాగ్రత్త పడాల్సింది అప్పుడే. ఈ లిగమెంటు తెగే ముప్పు అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువ, నీ వయసులో తొందరపడి దిగినవాళ్లకు మళ్లీ తెగడమూ ఎక్కువే. రెండు కాళ్ల బలాన్ని పోల్చి చూసి ఫిజియో సరేనన్నాకే కూతకు వెళ్లు. ఆపరేషన్ లేకుండా వ్యాయామాలతో నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ అది మామూలు నడక, పనుల వరకు. కబడ్డీకి అది సరిపోదు.

సర్టిఫికెట్ కోసమే ఈ తొందరైతే, యూనివర్సిటీ పోటీలు ఏటా జరుగుతాయి. నీకు మూడో ఏడాది ఉంది, తర్వాత పీజీలోనో, వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీలోనో చేరినా ఆడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 3 శాతానికి పెరిగింది, ఆశపడటంలో తప్పు లేదు. కానీ కానిస్టేబుల్ పోస్టుకు 1600 మీటర్లు పరిగెత్తాల్సింది సర్టిఫికెట్ కాదు కదా!

ఇక నాన్న. పెళ్లి చేస్తానని ఆయన అన్నాడా, నువ్వే అనుకున్నావా? నీ ఉత్తరంలో ఆయన అన్నట్టు లేదు. బంధువులంతా వద్దంటే పంపిన మనిషని మాత్రం ఉంది. నువ్వు మ్యాట్ మీద కూలబడ్డాక ఎవరో ఫోన్ చేసి చెబితే ఆయనకు మొదట తగిలేది మోకాలి మాట కాదు, రెండు నెలలు దాచావన్న మాట. ‘కూతురిని ఆటలకు పంపావు, చూడు’ అనేవాళ్లకు నోరిచ్చేదీ అదే.

ఫోన్లో చెప్పకు. శనివారం ఇంటికి వెళ్లు, ముందు అమ్మకు చెప్పి పక్కన కూర్చోబెట్టుకో. ఏడ్చుకుంటూ కాకుండా, రిపోర్టు చేతిలో పెట్టి లెక్క చెప్పు: ఆపరేషన్ ఎప్పుడు, వ్యాయామాలు ఎన్నాళ్లు, మళ్లీ ఆట ఎప్పుడు. చీనీ తోటను బెట్టకు వదిలి ఆకు వాడుతున్నా నీళ్లు పెట్టకుండా పూత కోసం ఆగే రైతు ఆయన. ఒక ఏడాది ఆగడమంటే ఏమిటో నీకంటే ఆయనకే బాగా తెలుసు. అప్పటికీ పెళ్లి మాటెత్తితే, కాలు నయమయ్యేదాకా ఆ మాట వద్దని అడుగు. అప్పుడు నాకు మళ్లీ రాయి, దాని సంగతి విడిగా మాట్లాడుకుందాం.

సోమవారం సారుకు చెప్పెయ్, నీ చోటులో ఆడే అమ్మాయికి ప్రాక్టీసుకు నాలుగు రోజులైనా దొరకాలి. ఖర్చు విషయంలో ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో వైద్యమిత్రను ముందే అడగండి. ఇంకోటి, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నా: ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు గొంతుకూర్చోలేవు. ఇంట్లో మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ ఒకటి ముందే తెప్పించమని అమ్మకు చెప్పు, హాస్టల్లో కింది అంతస్తులో గది ఇమ్మని వార్డెన్‌కు అర్జీ పెట్టుకో.