లోన్ పెట్టి ఈఎస్‌జీ కోర్సా? నంద్యాల నాన్నగారికి జవాబు

"అమ్మాయి లా ఫైనలియర్, పెద్ద పెద్ద కంపెనీల్లో హ్యూమన్ రైట్స్ చూసే జాబ్ చేస్తానంటోంది. ఇది ఎన్‌జీఓ పనా? ఇక్కడ ఎల్‌ఎల్‌ఎం చేయించాలా, లోన్ పెట్టి యూకేలో ఈఎస్‌జీ మాస్టర్సా?" అని నంద్యాల నుంచి ఒక తండ్రి అడిగారు. (ఈఎస్‌జీ అంటే ఎన్విరాన్‌మెంట్, సోషల్, గవర్నెన్స్: కంపెనీ పర్యావరణాన్ని, మనుషుల్ని, తన పాలనని ఎలా చూసుకుంటోందన్న లెక్క.)

సార్, మీ భయం కోర్సు గురించి కాదు, పిల్ల జెండా పట్టుకుని రోడ్డెక్కుద్దేమో అని. కంగారు పడకండి, ఇది కంపెనీ లోపలి ఉద్యోగమే, లీగల్, పర్చేజ్ వాళ్ల పక్కన కూర్చుని చేసేది, జీతం వాళ్లకి పడినట్టే పడుద్ది.

అసలు ఈ పని ఏంటో మీ చుట్టుపక్కలే చూడొచ్చు. 2000ల్లో కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్‌కి (పువ్వుకి చేత్తో పుప్పొడి అద్దే పనికి) బడికెళ్లాల్సిన ఆడపిల్లల్ని పెట్టేవాళ్లు, ఆ విత్తనం బేయర్, మోన్‌శాంటో లాంటి విదేశీ కంపెనీలకీ వెళ్లేది, మధ్యలో సీడ్ ఆర్గనైజరు, కింద రైతు, కంపెనీ మస్టర్లో ఒక్క పిల్ల పేరూ ఉండదు. గొడవ పెద్దదయ్యాకే చేలల్లోకి మనుషుల్ని పంపి చూడటం, పిల్లల్ని పెట్టని రైతుకి బోనస్ ఇవ్వడం మొదలైంది. కానీ విత్తనం రేటు పెంచకుండా పెద్దోళ్లకి కూలి ఎక్కడి నుంచి తెచ్చిస్తాడండీ రైతు? ఈ మాట మన పర్చేజ్ మేనేజర్ మొహం మీద అనగలగాలి, ఉద్యోగమంటే అదే. సప్లయర్ దగ్గర జరిగేదానికీ కంపెనీ బాధ్యత ఉందని ఐక్యరాజ్యసమితి సూత్రాలు 2011లోనే చెప్పాయి.

ఈఎస్‌జీ కోర్సుల మీద మాత్రం నాకు డౌటే. చాలావాటిలో రిపోర్ట్ నింపడం నేర్పుతారు, కాగితం ఒక్కటే మనుషుల్ని కాపాడదు. 2013లో బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా బిల్డింగ్ కూలిపోయి 1,100 మందికి పైగా చనిపోయారు, అందులోని కొన్ని ఫ్యాక్టరీలకి అంతకుముందే ఆడిట్లు అయ్యాయి, గోడల్లో పగుళ్లు ముందురోజే కనపడ్డా పనిలోకి రమ్మన్నారు. పైగా ఈ జాబ్‌లు చట్టాల మీద ఆధారపడ్డవి, సప్లయర్ల దగ్గర హక్కులు కూడా చూడాలని యూరప్ 2024లో పెద్ద కంపెనీలకి కొత్త చట్టం తెచ్చి, 2025లోనే దాని అమలు వాయిదా వేసింది. అలాంటి దాన్ని నమ్మి ఇల్లు తాకట్టు పెడతారా? పిల్ల చేను గురించి అడుగుతుంటే మీరు లండన్ గురించి అడుగుతున్నారు!

ఎల్‌ఎల్‌ఎం టీచింగ్‌కెళ్తే పనికొస్తుంది. ఇప్పటికి రెండూ వద్దు, ముందు లేబర్ లాయర్ దగ్గరో, ఫ్యాక్టరీలు ఆడిట్ చేసే సంస్థలోనో రెండేళ్లు చెయ్యనివ్వండి. మన దగ్గర టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి షేర్ మార్కెట్‌ని చూసే సెబీ రూల్ ప్రకారం బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్ట్ (బాధ్యతగా వ్యాపారం చేస్తున్నామా అని చెప్పేది) ఇవ్వాలి. అప్లై చేసే ముందు అందులో హ్యూమన్ రైట్స్ గురించిన ప్రిన్సిపుల్ 5 చదవమనండి, సప్లయర్ల గురించి ఏమీ రాయకపోతే ఇంటర్వ్యూలో ఎందుకని అడగమనండి.